రాస్లిన్ చాపెల్ కథలకు వయసెంత?

స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు దక్షిణాన ఏడు మైళ్ల దూరంలో రాస్లిన్ అనే చిన్న ఊరుంది. ఊరి శివార్లో, నార్త్ ఎస్క్ అనే ఏటి లోయ అంచున రాస్లిన్ చాపెల్ అనే రాతి ప్రార్థనాలయం కనిపిస్తుంది. లోపల పొడవు దాదాపు 70 అడుగులు, వెడల్పు 35 అడుగులు. మన ఊళ్లలో ఓ మోస్తరు కల్యాణ మండపం అంతకంటే పెద్దగా ఉంటుంది. అయినా ఇంత చిన్న కట్టడం చుట్టూ ఇన్ని కథలు అల్లుకున్న చోటు మరొకటి దొరకడం కష్టం. ఏసు కడపటి విందులో వాడిన పాత్ర ఇక్కడి నేలమాళిగలో ఉందంటారు. టెంప్లర్ యోధులు దాచిన నిధి ఉందంటారు. కొలంబస్ కంటే ముందే అమెరికా వెళ్లొచ్చినవాళ్ల ఆనవాళ్లు గోడల మీద చెక్కి ఉన్నాయంటారు. మేస్త్రీ చేతిలో ప్రాణం పోగొట్టుకున్న శిష్యుడి ముఖం పైనుంచి చూస్తూ ఉంటుందంటారు.

వీటన్నిటినీ ఒకే మూట కట్టి అంతా కట్టుకథ అని పారేసేవాళ్లున్నారు. నిప్పు లేనిదే పొగ రాదని నమ్మేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. ఒక్కో కథనూ విడిగా తీసుకుని, ఇది మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది ఎప్పుడు అని అడిగితే విషయం చాలావరకు తేలిపోతుంది. చాపెల్‌కు పునాది పడింది 1446లో. ఇక్కడి కథల్లో కొన్ని 17వ శతాబ్దం నాటికే జనం నోట ఉన్నాయి. కొన్నిటికి ఇంకా యాభై ఏళ్లు కూడా నిండలేదు. ఈ రెండు రకాలకూ ఒకే విలువ కట్టడం వల్లే రాస్లిన్ విషయంలో ఇంత గందరగోళం.

కట్టించినవాడు సర్ విలియం సింక్లెయిర్. ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు ఎర్ల్. ఆ దీవులు అప్పట్లో నార్వే రాజు కిందివి కాబట్టి ఈయన ఇటు స్కాట్లండ్ రాజుకూ అటు నార్వే రాజుకూ సామంతుడు. కొంతకాలం స్కాట్లండ్ ఛాన్సలర్‌గానూ పనిచేశాడు. చాపెల్ కట్టించడంలో ఆయన ఉద్దేశం ఆ కాలంలో అందరికీ తెలిసినదే. డబ్బున్న ప్రభువు ఒక ప్రార్థనాలయం కట్టించి, దానికి భూములు రాసిచ్చి, అక్కడ పూజారులను నియమిస్తాడు. వాళ్లు రోజూ ఆ కుటుంబంలో బతికున్నవాళ్ల కోసం, పోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థనలు చేయాలి. ఇలాంటివి ఆ శతాబ్దంలో స్కాట్లండ్‌లో చాలా వెలిశాయి. రాస్లిన్‌లో ఒక ప్రధాన పూజారి, ఆరుగురు సహ పూజారులు, పాటలు పాడే ఇద్దరు కుర్రాళ్లు ఉండాలని ఏర్పాటు చేశారు. సెయింట్ మాథ్యూ పేరు పెట్టారు.

విలియం అనుకున్నది సిలువ ఆకారంలో పెద్ద చర్చి. 1484లో ఆయన చనిపోయేనాటికి తూర్పు భాగం మాత్రమే లేచింది. కొడుకు దానికి పైకప్పు వేయించి అక్కడితో ఆపేశాడు. పడమటి గోడను చూస్తే ఆ ఆగిపోవడం ఇప్పటికీ కంటికి తెలుస్తుంది. ఇంకా కట్టాల్సిన భాగం కోసం వదిలిన రాళ్లు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. 19వ శతాబ్దంలో తవ్వి చూసినప్పుడు పడమటి తలుపు అవతల 90 అడుగులకు పైగా పునాదులు బయటపడ్డాయి. ఈ పునాదుల సంగతి మళ్లీ అవసరపడుతుంది.

చిన్నదైనా లోపల ఖాళీ జాగా వదలకుండా చెక్కారు. పైకప్పు మొత్తం రాతి కమాను. దాన్ని ఐదు పట్టీలుగా విడదీసి పూలు, నక్షత్రాలు నింపారు. స్తంభాల మీద, దూలాల మీద, కిటికీల చుట్టూ ఆకులు, తీగలు, దేవదూతలు, బైబిల్ ఘట్టాలు. ఒక దేవదూత చేతిలో బ్యాగ్‌పైపు. ఇంకోచోట తాళ్లతో బంధించి తలకిందులుగా వేలాడదీసిన దేవదూత. నోట్లోంచి ఆకులు మొలుచుకొచ్చే మనిషి ముఖాలు వందకు పైగా ఉన్నాయి. వీటిని అక్కడ గ్రీన్ మ్యాన్ అంటారు. మృత్యువు అస్థిపంజరం రూపంలో వచ్చి రాజునీ, రైతునీ, పిల్లవాణ్నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే వరస ఒకటి ఉంది.

ఇదంతా ఎలా చేశారో చెప్పే ముఖ్యమైన ఆధారం రిచర్డ్ ఆగస్టీన్ హే అనే మతాధికారి రాత. ఈయన తల్లి సింక్లెయిర్ వంశంలోకి రెండో పెళ్లి చేసుకుని వచ్చింది. అందువల్ల ఇంట్లోని పాత పత్రాలన్నీ ఆయన చేతికి అందాయి. 1700 ప్రాంతంలో ఆయన రాసిన వంశ చరిత్ర ప్రకారం, విలియం ముందు ప్రతి శిల్పానికీ బాల్టిక్ సముద్రం మీదుగా వచ్చిన చెక్క పలకల మీద నమూనా గీయించాడు. వడ్రంగులు ఆ గీతల ప్రకారం చెక్కలో చెక్కారు. ఆ చెక్క నమూనాలను రాతి పనివాళ్లకిచ్చి అచ్చం అలాగే రాతిలో దించమన్నారు. మేస్త్రీకి ఏడాదికి 40 పౌన్లు, మిగతా రాతి పనివాళ్లకు పదేసి పౌన్లు. పనివాళ్లను దూర ప్రాంతాల నుంచి, పరాయి దేశాల నుంచి కూడా రప్పించాడు. రాస్లిన్ గురించి వచ్చిన రహస్యాల పుస్తకాలన్నిటికంటే ఈ నాలుగు వాక్యాలు విలువైనవి. పైన కనిపించే ప్రతి పువ్వు వెనకా ఒక గీసినవాడు, ఒక వడ్రంగి, ఒక రాతి పనివాడు ఉన్నారని ఇవి చెబుతాయి.

ఇక కథల్లోకి. అన్నిటికంటే పేరున్నది శిష్యుడి స్తంభం కథ.

చాపెల్ తూర్పు చివర మూడు స్తంభాలు వరసగా ఉంటాయి. దక్షిణం వైపున్నది మిగతా వాటిలా ఉండదు. దాని అడుగున ఎనిమిది డ్రాగన్లు మెడలు పెనవేసుకుని చుట్టూ పడుకుని ఉంటాయి. వాటి నోళ్లలోంచి తీగలు మొలిచి, స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతూ పై దాకా పాకుతాయి. తీగకూ స్తంభానికీ మధ్య రాయి లోతుగా తొలిచినట్టు ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో ఆకు మడత కూడా విడిగా తెలుస్తుంది. పైన అబ్రహాము తన కొడుకు ఇస్సాకును బలివ్వబోయే దృశ్యం ఉంది.

కథ ఇది. ఈ స్తంభానికి నమూనా విదేశం నుంచి వచ్చింది. మేస్త్రీ అసలు స్తంభాన్ని కళ్లారా చూడకుండా పని మొదలుపెట్టే ధైర్యం చేయలేక దాన్ని చూడ్డానికి బయల్దేరాడు. ఆయన తిరిగొచ్చేలోపు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి కలలో స్తంభం పూర్తయినట్టు కనిపించింది. లేచి తనే చెక్కేశాడు. మేస్త్రీ వచ్చి చూశాడు. ఈర్ష్యతో ఒళ్లు తెలియక సుత్తి తీసి కుర్రాడి నుదుటి మీద కొట్టాడు. కుర్రాడు అక్కడే చనిపోయాడు, మేస్త్రీని ఉరితీశారు. చాపెల్ గోడల పైభాగాన నుదుటి మీద గాటు ఉన్న ఒక ముఖం చెక్కి ఉంది. అదే ఆ శిష్యుడని, మరోచోట ఉన్న ముఖం మేస్త్రీదని, విచారంగా కనిపించే ఆడమనిషి ముఖం కుర్రాడి తల్లిదని చూపిస్తారు.

ఈ కథ వయసెంత? 1677లో థామస్ కర్క్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఇక్కడికి వచ్చాడు. ఆయన రాసుకున్న యాత్రా విశేషాల్లో ఈ కథ క్లుప్తంగా ఉంది: మేస్త్రీ మంచి నమూనాల కోసం విదేశాలకు వెళ్లడం, శిష్యుడు తనను మించిపోవడం, హత్య, గోడ మీది ముఖాలు. అంటే కట్టడం మొదలైన రెండువందల ముప్పై ఏళ్లకే ఊళ్లో చూపించేవాళ్లు ఈ కథ చెబుతున్నారు. ఈ ఒక్క తేదీతో ఒక పెద్ద వాదన నిలబడకుండా పోతుంది. ఫ్రీమేసన్లు అంటే రాతి పనివాళ్ల సంఘాల పేరూ ఆచారాలూ తీసుకుని ఏర్పడిన ఒక రహస్య సోదర సంఘం. వాళ్ల సంప్రదాయంలో సొలొమోను దేవాలయం కట్టిన హిరామ్ అనే శిల్పిని తలమీద కొట్టి చంపిన కథ ఉంది. శిష్యుడి కథ దానికి మారురూపమని, చాపెల్‌ను ఫ్రీమేసన్ రహస్యంగా కట్టారనడానికి ఇదే రుజువని చెబుతుంటారు. కానీ హిరామ్ హత్య కథ ఫ్రీమేసన్ల ఆచారంలో కనిపించేది 1720ల తర్వాతే. రాస్లిన్ కథ అంతకంటే దాదాపు యాభై ఏళ్లు పాతది. హిరామ్ కథ దీన్నుంచి పుట్టిందని చెప్పడానికీ ఆధారం లేదు, ఇది మాత్రం దాన్నుంచి పుట్టే అవకాశం లేదు.

అలాగని కథ నిజమవుతుందా? కాదు. ఎందుకంటే ఇదే కథ ఇంకా చాలాచోట్ల ఉంది. ఫ్రాన్స్‌లో రువాన్ పట్టణంలోని సాంతువాన్ చర్చికి రెండు పెద్ద గులాబీ కిటికీలున్నాయి. ఒకటి గురువు చేశాడని, రెండోది అంతకంటే అందంగా శిష్యుడు చేశాడని, ఈర్ష్యతో గురువు శిష్యుణ్ని చంపాడని అక్కడా చెబుతారు. ఇంగ్లండ్‌లో లింకన్ కథీడ్రల్ కిటికీకీ ఇలాంటి కథే అంటుకుంది. ఒక చోట ఒకే రకం పనుల్లో ఒకటి మిగతా వాటికంటే కొట్టొచ్చినట్టు గొప్పగా ఉంటే ఈ కథ పుట్టుకొస్తోంది. రాస్లిన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. 18వ శతాబ్దపు వర్ణనల్లో ఈ స్తంభాన్ని ప్రిన్స్ స్తంభం అని కూడా అన్నారు. అంటే కట్టించిన ప్రభువు పేరు మీద పిలిచేవాళ్లు. రెండు పేర్లు కొంతకాలం పక్కపక్కనే నడిచి, చివరికి కథ ఉన్న పేరే గెలిచింది.

ఈ కథ తెలుగువాళ్లకు వినగానే జక్కన గుర్తుకొస్తాడు. బేలూరులో విగ్రహంలో లోపం ఉందని ఒక కుర్ర శిల్పి పట్టుకోవడం, లేదని పందెం కట్టిన జక్కనాచారి ఓడిపోయి తన కుడిచేతిని నరుక్కోవడం, ఆ కుర్రాడు తన కొడుకు డంకన్నే అని తెలియడం. అక్కడ పెద్దవాడు తనకే శిక్ష వేసుకుంటాడు, ఇక్కడ కుర్రాడి ప్రాణం తీస్తాడు. అల్లిక మాత్రం ఒకటే: పెద్ద చేతిని చిన్న చెయ్యి మించిపోవడం. బేలూరు విషయంలో మన అదృష్టం ఏమిటంటే అక్కడి శిల్పులు కొందరు తమ పేర్లు రాతిమీదే చెక్కుకున్నారు. బళ్లిగావికి చెందిన దాసోజ, ఆయన కొడుకు చావణ అక్కడి మదనికల మీద సంతకాలు చేశారు. తండ్రీ కొడుకులు ఒకే గుడిలో పక్కపక్కన పనిచేశారు, ఇద్దరి పేర్లూ మిగిలాయి. జక్కన పేరు మాత్రం ఆ శాసనాల్లో కనబడదు. రాస్లిన్‌లో రాతి పనివాళ్లు తమ గుర్తులు చెక్కారు కానీ పేర్లు రాయలేదు. ఎవరి పేరూ లేని గొప్ప పని ఎదురుగా ఉంటే చూసేవాళ్ల మనసు ఊరుకోదు. ఆ చేతికి ఒక మనిషిని, ఆ మనిషికి ఒక కష్టాన్ని కల్పించుకుంటుంది. శిష్యుడి కథ పుట్టింది ఆ అవసరం నుంచే అనిపిస్తుంది. అందుకే అది అబద్ధమైనా గౌరవించదగ్గ అబద్ధం. పనివాణ్ని అది మరిచిపోనివ్వలేదు.

పాత కథల్లో ఇంకొకటి మంటల కథ. సింక్లెయిర్ వంశంలో ఎవరైనా ప్రభువు చనిపోబోయే రాత్రి చాపెల్ మొత్తం మంటల్లో ఉన్నట్టు దూరానికి కనిపిస్తుందట, తెల్లారి చూస్తే ఎక్కడా కాలిన మచ్చ ఉండదట. 1805లో వాల్టర్ స్కాట్ తన దీర్ఘ కావ్యంలో దీన్ని వాడుకోవడంతో బ్రిటన్ అంతా పాకింది. కానీ 17వ శతాబ్దం చివరి వర్ణనల్లోనే ఈ నమ్మకం ప్రస్తావన ఉంది. చాపెల్ లోయ అంచున ఎత్తు మీద ఉంది. సూర్యుడు దిగే వేళ ఎర్రటి వెలుగు ఒకవైపు కిటికీల్లోంచి దూరి రెండోవైపు కిటికీల్లోంచి బయటపడితే లోపల నిప్పంటుకున్నట్టే కనిపిస్తుంది. కథకు మూలం ఇదే కావచ్చని చాలామంది అభిప్రాయం.

స్కాట్ అదే కావ్యంలో ఇక్కడి ప్రభువులను శవపేటిక లేకుండా, యుద్ధ కవచంతోనే సమాధి చేసేవారని రాశాడు. వినడానికి ఇది అన్నిటికంటే నమ్మశక్యం కాని కథ. తీరా చూస్తే ఇదే నిజం. హే తన రాతలో స్పష్టంగా చెప్పాడు. సమాధి గది తెరిచినప్పుడు ఆయన స్వయంగా చూశాడు. ఒక సర్ విలియం చదునైన రాతి మీద కవచంతో పడుకుని ఉన్నాడు, తల మీద ఎర్ర వెల్వెట్ టోపీ. టోపీ చుట్టూ ఉన్న తెల్ల బొచ్చు కొంచెం తప్ప ఏదీ చెడలేదు. ముట్టుకోగానే దేహం పొడిపొడిగా రాలిపోయింది. వంశంలో శవపేటికలో పెట్టిన మొదటి మనిషి హే సవతి తండ్రే. అలా పేటిక లేకుండా పూడ్చడం బిచ్చగాళ్ల పద్ధతిలా ఉంటుందని హే తల్లి ఒప్పుకోలేదట. నేలమాళిగలో ఏముంది అనే ప్రశ్నకు కళ్లతో చూసినవాడు ఇచ్చిన జవాబు ఇదొక్కటే. నిధులూ పవిత్ర పాత్రలూ కావు, ఆ ఇంటి మనుషులు.

అయితే ఆ గది మీద అంత రహస్యపు ఊహలు ఎందుకు కమ్ముకున్నాయి? దీనికి జవాబు మధ్యలో వచ్చిన ఖాళీలో ఉంది. 1560లో స్కాట్లండ్ ప్రొటెస్టెంట్ దేశమైంది. సింక్లెయిర్లు కాథలిక్కులుగానే ఉండిపోయారు. 1571లో చాపెల్ ఆస్తులు పోవడంతో పూజారులు రాజీనామా చేశారు. చర్చి అధికారులు ఒత్తిడి మీద ఒత్తిడి తెచ్చారు. చివరికి 1592 ఆగస్టులో బలిపీఠాలను పగలగొట్టారు. అక్కడితో ప్రార్థనలు ఆగాయి. 1650లో ఇంగ్లండ్ సేనల అధిపతి క్రామ్‌వెల్ కింది సేనాని మాంక్ పక్కనున్న రాస్లిన్ కోటను ముట్టడించినప్పుడు ఆయన సైనికులు చాపెల్‌లో గుర్రాలను కట్టేశారని చెబుతారు. 1688 డిసెంబర్‌లో ఎడిన్‌బరో నుంచి వచ్చిన గుంపు, దానితో పాటు ఊరివాళ్లు కొందరు లోపల దొరికింది ధ్వంసం చేశారు. 1736లో జేమ్స్ సింక్లెయిర్ కిటికీలకు అద్దాలు వేయించి పైకప్పు బాగుచేయించేదాకా అది గాలికీ వానకూ వదిలేసిన కట్టడం. 1842లో విక్టోరియా రాణి చూసి దీన్ని కాపాడాలన్నాక కదలిక వచ్చింది, 1862లో ప్రార్థనలు మళ్లీ మొదలయ్యాయి. అంటే 270 ఏళ్ల పాటు ఈ శిల్పాల అర్థం చెప్పాల్సిన పూజారులు లేరు. మధ్యయుగపు కాథలిక్ భక్తుడికి చూడగానే తెలిసిపోయే బొమ్మలు తర్వాతి ప్రొటెస్టెంట్ తరాలకు పరాయివైపోయాయి. చదవడం మరిచిపోయిన బొమ్మలు రహస్య సంకేతాల్లా కనిపించడం మొదలైంది.

టెంప్లర్ల కథ అలా వచ్చిందే. జెరూసలేం యాత్రికులను కాపాడ్డానికి పుట్టిన ఈ యోధుల సంఘాన్ని 1312లో పోప్ రద్దు చేశాడు. రాస్లిన్ పునాది పడింది ఆ తర్వాత 134 ఏళ్లకు. రెంటికీ ముడి పెట్టాలంటే స్కాట్లండ్‌కు పారిపోయి వచ్చిన టెంప్లర్లను సింక్లెయిర్లు దాచారని చెప్పాలి, అదే చెబుతారు కూడా. టెంప్లర్ల స్కాట్లండ్ ప్రధాన స్థావరం బాలంట్రోడోక్ ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే ఉండడం ఈ వాదనకు ఊతం. కానీ దస్తావేజులు చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. 1309లో ఎడిన్‌బరోలో స్కాట్లండ్ టెంప్లర్ల మీద విచారణ జరిగింది. అందులో సాక్ష్యం చెప్పినవాళ్లలో హెన్రీ, విలియం అనే ఇద్దరు సింక్లెయిర్లున్నారు. వాళ్లు టెంప్లర్లకు వ్యతిరేకంగా చెప్పారు. రాస్లిన్ గురించి ఎన్ని పుస్తకాలు రాసినా ఈ సాక్ష్యాన్ని దాటి వెళ్లడం కుదరదు.

ఫ్రీమేసన్లతో సంబంధం వేరే సంగతి. అది నిజంగానే ఉంది, అయితే చాపెల్ కట్టిన కాలంలో కాదు. 1601 ప్రాంతంలో, మళ్లీ 1628లో స్కాట్లండ్ రాతి పనివాళ్ల సంఘాలు రాస్లిన్ సింక్లెయిర్లను తమ పెద్దలుగా గుర్తిస్తూ పత్రాలు రాశాయి. వీళ్లు నిజంగా రాళ్లు చెక్కి బతికే మనుషులు. 1736లో స్కాట్లండ్ ఫ్రీమేసన్ల కేంద్ర సంఘమైన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ స్కాట్లండ్ ఏర్పడినప్పుడు, ఆ వంశంలోనే మరో విలియం సింక్లెయిర్ తన వంశపారంపర్య హక్కు వదులుకున్నాడు, వెంటనే మొదటి గ్రాండ్ మాస్టర్‌గా ఎన్నికయ్యాడు. అప్పటినుంచి ఫ్రీమేసన్లకు రాస్లిన్ మీద అభిమానం ఏర్పడింది. తర్వాతి తరాలు ఆ అభిమానాన్ని మూడువందల ఏళ్లు వెనక్కి జరిపి పునాదిరాయి కిందికి చేర్చాయి.

చాపెల్ సొలొమోను దేవాలయానికి నకలు అనే వాదన 1990లలో బాగా ప్రచారం పొందింది. పడమటి గోడ కావాలనే శిథిలంలా కట్టారని, జెరూసలేంలో కూలిన ఆలయానికి అది గుర్తని అన్నారు. తలుపు అవతల దొరికిన 90 అడుగుల పునాదులు ఈ మాటకు అడ్డం వస్తాయి. కట్టడం ఆగిపోయింది, అంతే. ఇక ప్లాన్ సంగతికొస్తే, 13వ శతాబ్దంలో కట్టిన గ్లాస్గో కథీడ్రల్ తూర్పు భాగంతో రాస్లిన్ ప్లాన్ చాలా దగ్గరగా సరిపోతుంది. నమూనా కోసం జెరూసలేం దాకా పోనక్కర్లేదు. అదే దేశంలో, రెండ్రోజుల ప్రయాణంలో ఉంది.

మొక్కజొన్న కథ ఇంకా ఆసక్తికరం. దక్షిణం వైపు ఒక కిటికీ చుట్టూ పొడవాటి కంకుల్లాంటివి చెక్కారు. అవి మొక్కజొన్న కంకులని, మొక్కజొన్న అమెరికా పంట కాబట్టి 1492కు ముందే సింక్లెయిర్లు అమెరికా చూశారని వాదన. చాపెల్ కట్టించిన విలియం తాత హెన్రీ సింక్లెయిర్ 1398లో సముద్రం దాటి వెళ్లాడన్నది దీనికి తోడు. ఇప్పుడు ఈ కథకు తేదీలు వేద్దాం. 1558లో వెనిస్‌లో నికోలో జెనో అనే ఆయన తన పూర్వీకుల ఉత్తరాలంటూ ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో జిక్‌మ్ని అనే పేరున్న ఒక ప్రభువు ఉత్తర సముద్రాల్లో ప్రయాణించాడు. హెన్రీ సింక్లెయిర్ పేరు ఎక్కడా లేదు. 1784లో ఫార్స్టర్ అనే జర్మన్ పండితుడు ఆ జిక్‌మ్నియే హెన్రీ అని ఊహించాడు. ఆ ఊహకు రెండువందల ఏళ్ల తర్వాత కిటికీ మీది కంకులను రుజువుగా అతికించారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది జెనో పుస్తకాన్నే నమ్మరు. వృక్షశాస్త్రవేత్త ఏడ్రియన్ డయర్ చాపెల్‌లోని మొక్కల శిల్పాలన్నీ పరిశీలించి, ఏదో ఒక జాతి మొక్కను ఉన్నదున్నట్టు చెక్కే ప్రయత్నం ఇక్కడ దాదాపు లేదన్నాడు. అవి అలంకారం కోసం మలచిన ఆకులు, పూలు. గోధుమ కంకి, స్ట్రాబెరీ, లిల్లీ లాంటివాటిని శిల్పి తన తీరున మార్చుకున్న రూపాలని పరిశోధకులు చెబుతారు. ముందు చెక్క పలక మీద గీసి, చెక్కలో చెక్కి, తర్వాత రాతిలోకి దించిన నమూనాలు ఇవి. అన్ని చేతులు మారిన ఆకులో వృక్షశాస్త్రం వెతకడం న్యాయం కాదు.

ప్రతి రాయీ ఒక సంకేతం అనుకునేవాళ్లకు దక్షిణపు నడవలో ఒక మంచి పాఠం ఉంది. అక్కడి దూలం ఒక వైపు ఏడు సద్గుణాలు, రెండో వైపు ఏడు మహాపాపాలు చెక్కారు. సద్గుణాల వరసలో ఉండాల్సిన దానగుణం పాపాల్లో ఉంది, పాపాల్లో ఉండాల్సిన దురాశ సద్గుణాల్లో ఉంది. దీనికీ లోతైన అర్థాలు చెప్పినవాళ్లున్నారు. రాళ్లు పేర్చేటప్పుడు ఒకటి అటూ ఇటూ అయిందన్నదే తేలికైన జవాబు. రాత వచ్చేసరికి చాపెల్‌లో మొదటినుంచీ ఉన్న శాసనం ఒక్కటే. లాటిన్‌లో ఒక దూలం మీద ఉంది: వైన్ బలమైనది, రాజు అంతకంటే బలవంతుడు, స్త్రీలు ఇంకా బలవంతులు, అన్నిటినీ జయించేది సత్యం. ఇదీ రహస్య సందేశం కాదు. బైబిల్ అనుబంధ గ్రంథాల్లో పర్షియా రాజు దరియావేషు ముందు ముగ్గురు అంగరక్షకులు పందెం వేసుకుని వాదించిన కథలోంచి తీసుకున్న మాట.

తూర్పు భాగంలో కమానుల నుంచి 213 చిన్న రాతి ఘనాలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మీది గీతల్లో సంగీతం దాగుందని ఒక తండ్రీ కొడుకులు 2000లలో దాన్నుంచి ఒక పాట కట్టి వాయించారు. వినడానికి బాగానే ఉంటుంది. 15వ శతాబ్దపు శిల్పులకు ఆ పద్ధతి తెలుసనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఏసు వాడిన పవిత్ర పాత్ర కథ వయసులో బాగా చిన్నది. 1980ల నుంచి వచ్చిన పుస్తకాల్లోనే రాస్లిన్‌కూ ఆ పాత్రకూ ముడి బిగిసింది. 1447లో రాస్లిన్ కోటకు నిప్పంటుకున్నప్పుడు మతగురువు నాలుగు పెట్టెల రాతప్రతులను తాడు కట్టి కిందికి దించి కాపాడాడని, ఆ కబురు విన్నాకే విలియం మనసు కుదుటపడిందని హే రాశాడు. విలియం చదువంటే ప్రాణమిచ్చే మనిషి. 1456లో ఆయన కోటలోనే సర్ గిల్బర్ట్ హే ఫ్రెంచి నుంచి స్కాట్స్ భాషలోకి చేసిన అనువాదాలు ఆ భాషలో మిగిలిన తొలి వచన రచనల్లో ఉన్నాయి. ఒక ప్రభువు పుస్తకాల కోసం అంత అల్లాడాడన్నది ఎంత మంచి విషయం! కొత్త కథలు ఆ పెట్టెల్లోంచి పుస్తకాలు తీసేసి టెంప్లర్ల రహస్య చుట్టలు పెట్టాయి. 2003లో డాన్ బ్రౌన్ 'ద డావిన్చి కోడ్' నవల చివరి ఘట్టాన్ని రాస్లిన్‌లో నడిపించాడు. నేల మీద ఆరు కోణాల నక్షత్రం అరిగిపోయి ఉంటుందని రాశాడు. అలాంటిది అక్కడ లేదు. అయినా అది వెతుక్కుంటూ జనం వచ్చారు. అంతకుముందు ఏడాదికి ముప్పై నలభై వేలు ఉండే సందర్శకుల సంఖ్య, 2006లో సినిమా కూడా వచ్చేసరికి లక్షా డెబ్బై వేలు దాటింది.

అప్పటికే చాపెల్‌కు అసలు ప్రమాదం వేరేచోట నుంచి మొదలై ఉంది, దాని గురించి కథలేవీ లేవు. 1950లలో ప్రభుత్వ శాఖ లోపలి శిల్పాల మీద పేరుకున్న పాచిని కుంచెలతో రుద్ది, అమ్మోనియాతో కడిగించి, ఆపై సిమెంటు లాంటి పలచని పూత పూయించింది. రాయిని కాపాడాలన్నదే ఉద్దేశం. కానీ ఇసుకరాయి తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. పూత వల్ల పైకప్పులోంచి దిగిన నీళ్లు లోపలి వైపు ఆరే దారి మూసుకుపోయింది. తేమ రాతిలోనే ఉండిపోయి, లోపలినుంచి రాయి గుల్లబారడం మొదలైంది. ఇప్పుడు లోపల శిల్పాలన్నీ ఒకే లేత రంగులో కనిపించడానికి కారణం కూడా ఆ పూతే. అసలు రాతి రంగు, ఎక్కడైనా మిగిలి ఉన్న పాత రంగుల జాడ దాని కింద ఉండిపోయాయి.

1995లో రాస్లిన్ చాపెల్ ట్రస్ట్ ఏర్పడింది. 1997లో కట్టడం మొత్తం మీద ఇనుప చట్రంతో పెద్ద పందిరి వేశారు. వాన తగలకుండా చేసి, తడిసిన రాయిని మెల్లగా ఆరనివ్వడం దాని పని. ఆరడానికి పదమూడేళ్లు పట్టింది. 2010లో పందిరి తీసేశారు. ఆ ఏళ్లలో సందర్శకులు పందిరి మెట్లెక్కి, మామూలుగా కంటికి అందని పైభాగపు శిల్పాలను చేతికందే దూరం నుంచి చూడగలిగారు. కప్పు బాగుచేస్తున్నప్పుడు మేస్త్రీలకు ఊహించనిది ఒకటి దొరికింది. పైనున్న రెండు రాతి శిఖరాల లోపల తేనెటీగల కోసం తొలిచిన గూళ్లున్నాయి. ఒకదానికి ఈగలు లోపలికి వెళ్లే దారి ఒక రాతి పువ్వు మధ్యలోని రంధ్రం. తేనె తీయడానికి మాత్రం ఎటునుంచీ దారి లేదు. తేనె కోసం కాకుండా, ఈగలు వానకు తడవకుండా ఉండడానికే ఎవరో ఆరువందల ఏళ్ల కింద రాయి తొలిచి గూడు కట్టినట్టుంది. ఇన్ని శతాబ్దాల్లో ఏ కథకుడూ దీన్ని ఊహించలేదు. బాగుచేశాక ఆ రాళ్లను తిరిగి యథాస్థానంలో పెట్టారు.

ఈ మరమ్మతుల ఖర్చులో మంచి భాగం ప్రభుత్వ, లాటరీ నిధుల నుంచి వచ్చింది. మిగతాది టికెట్ల మీద వచ్చింది, అంటే నక్షత్రం కోసం, పాత్ర కోసం వెతుక్కుంటూ వచ్చిన జనం ఇచ్చింది. నేలమాళిగను తవ్వి చూడాలని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ట్రస్ట్ ఒప్పుకోవడం లేదు. అది ఒక కుటుంబపు సమాధి, చాపెల్‌లో వారం వారం ప్రార్థనలు జరుగుతున్నాయి, పునాదుల దగ్గర తవ్వితే కట్టడానికే ముప్పు. ఈ మూడు కారణాల్లో ఏ ఒక్కటైనా చాలు. తెలుసుకోవాల్సింది నిజంగా ఏదైనా మిగిలి ఉంటే అది నేల కింద లేదు, పూత కింద ఉంది. లేజర్ స్కానింగ్‌తో చాపెల్ లోపలా బయటా మొత్తం కొలిచి పెట్టారు. ఆ కొలతలతో, రాళ్ల మీది పనివాళ్ల గుర్తులతో ఏ చెయ్యి ఎక్కడ పనిచేసిందో, శిష్యుడి స్తంభం చెక్కిన ఉలి ఇంకెక్కడ తిరిగిందో వెతకడం సాధ్యమవుతుంది.